నల్లరాయి – తెల్లరాయి



మొన్న ఖానాపురం హవేలిలో మా ఇంటి ముందు రోడ్డు పనికి పోసిన కంకరలోంచి మా మనుమడు తళతళలాడే తెల్లరాయి ఒకటి ఏరుకొచ్చాడు. "తాతా, ఇందులో లిథియం ఉందా?" అని అడిగాడు. ఈ నాలుగు మాటలు అందుకే వ్రాస్తున్నాను.

రాయి బతుకునివ్వడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు వద్ద బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ నల్లరాయి ఎన్ని వేల ఇళ్లలో పొయ్యి వెలిగించిందో మనకు తెలుసు.

ఇప్పుడు తెల్లరాయి వంతు వచ్చింది. 1817లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్ఫ్‌వెడ్‌సన్ పెటలైట్ అనే ఖనిజంలో లిథియంను కనుగొన్నాడు. నేడు సెల్‌ఫోను మొదలు విద్యుత్ కారు దాకా బ్యాటరీలకు అదే ఆధారం.

భూమి లోపలి శిలాద్రవం చల్లబడుతూ గడ్డకట్టేటప్పుడు, మామూలు ఖనిజాలలో ఇమడని లిథియం, బెరీలియం వంటివి చివరికి మిగిలిన పాకంలో చేరతాయి. నీటి అంశ ఎక్కువగా ఉన్న ఆ పాకం రాతి పగుళ్లలోకి చొచ్చుకుపోయి పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడుతుంది. దీనినే పెగ్మటైట్ అంటారు. మన ఇస్త్రీపెట్టెలలో వాడిన అభ్రకం ఇలాంటి రాళ్లలోదే. నెల్లూరు జిల్లా ఇనికుర్తి గనిలో 85 టన్నుల అభ్రకపు స్ఫటికం దొరికినట్లు గ్రంథస్థమైంది.

అయితే ప్రతి పెగ్మటైట్‌లోనూ లిథియం ఉండదు. ఉన్నచోట కూడా లెక్క నిలకడగా ఉండదు. కర్ణాటకలో మండ్య వద్ద మార్లగల్లలో 14,100 టన్నులున్నదని 2020లో పత్రికలు వ్రాశాయి. బేగంపేటలో ప్రధాన కార్యాలయమున్న అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ప్రాథమిక అంచనా 1,600 టన్నులని 2021లో ప్రభుత్వం ప్రకటించింది. 2023లో చట్టాన్ని సవరించి, లిథియంను అణు ఖనిజాల జాబితా నుండి తొలగించి, కేంద్రమే వేలం వేసేలా చేశారు.

మనం ఆఫీసుల్లో నేర్చుకున్నదీ ఇదే గదా! ఎస్టిమేటు వేరు, శాంక్షను వేరు, చేతికందిన సొమ్ము వేరు. నాతో పనిచేసిన మిత్రుడొకరు, ఏదో విలువైన రాయి పడుతుందన్న మాట నమ్మి, గ్రాట్యుటీ డబ్బు భూమికి బయానాగా ఇచ్చి పోగొట్టుకున్నారు. ఆయన ఇంట్లో ఆడపిల్ల పెళ్లి రెండేళ్లు వాయిదా పడింది. కనుక, మిత్రులారా, రాయిని చూసి కాదు, కాగితం చూసి నమ్మండి. ఏజెన్సీ భూములకు 1970 నాటి 1/70 రెగ్యులేషన్ ఉన్నదని మరువకండి.

మనుమడి రాయి ఉత్త పలుగురాయి, నాలుగు అభ్రకపు రేకులు. నా లైఫ్ సర్టిఫికెట్టు కాగితాలు ఎగిరిపోకుండా దానినే బరువుగా పెట్టుకున్నాను.