మనోరోగుల తరలింపు: చట్టం, దారి, భాష

ఉపోద్ఘాతం

మానసిక వైద్య చరిత్రను ఆసుపత్రుల చరిత్రగా రాయడం పరిపాటి. ఇల్లు, పోలీసు ఠాణా, న్యాయస్థానం, ఆసుపత్రుల మధ్య రోగి ప్రయాణించిన దారికి అందులో చోటు తక్కువ. ఆ దారిని చట్టం ఏ దృష్టితో చూసిందో, ఆ దృష్టి ఎలా మారిందో ధూళిమిట్ట వంటి పల్లె వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

దూరం

ధూళిమిట్ట 2016లో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలోనిది. అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. నిజాం కాలంలో హైదరాబాదు సంస్థానపు మానసిక వైద్యశాల నేటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండేది. ఈ ప్రాంతపు రోగిని అక్కడికి చేర్చడమంటే వందల కిలోమీటర్లు దాటి, మరాఠీ మాట్లాడే నేలకు తీసుకుపోవడమే. 1953లో వైద్యశాల హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలివచ్చింది. దూరం తగ్గినా వెలి తగ్గలేదు. ‘ఎర్రగడ్డ’ అన్న ఊరి పేరే వాడుకలో ఎగతాళి మాటగా స్థిరపడింది.

చట్టం చూపిన దారి

బ్రిటిష్ ఇండియాలో 1858, 1912 నాటి చట్టాలు దిక్కులేక తిరిగే మనోరోగిని పోలీసులు ముందుగా మేజిస్ట్రేటు ఎదుట నిలపాలన్నాయి. ఆసుపత్రి ఆ తరువాతి మజిలీ. రోగి నడిచిన దారి నిందితుడి దారే. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చింది. అదీ 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్నది; అయితే ప్రయాణానికి పట్టే సమయాన్ని ఆ గడువు నుంచి మినహాయించింది. నగరవాసికి ఇది చిన్న మినహాయింపు. న్యాయస్థానానికి దూరంగా ఉన్న పల్లెవాసికి మాత్రం దారిలో గడిచే గంటలు లెక్కలోకి రానివయ్యాయి. నేరం చేయని మనోరోగులను జైళ్ళలో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు 1993లోనే స్పష్టం చేయవలసి రావడం ఆనాటి స్థితికి నిదర్శనం.

2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ దిశను తిప్పింది. దాని 100వ సెక్షను ప్రకారం పోలీసులు రక్షణలోకి తీసుకున్న వ్యక్తిని 24 గంటలు మించకుండా సమీప ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చాలి. లాకప్‌లో గాని, జైలులో గాని ఉంచరాదు. గడువు రక్షణలోకి తీసుకున్న క్షణం నుంచే మొదలవుతుంది. దారి ఇప్పుడు గడియారం లోపలికి వచ్చింది.

నేరారోపణ ఉన్నవారి దారి

కేసులో నిందితుడైన మనోరోగి స్థితి వేరు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 25వ అధ్యాయం అతనిని వైద్య పరీక్షకు, అవసరమైతే ‘భద్రమైన నిర్బంధానికి’ పంపి, తేరుకున్నాక విచారణకు రప్పించే ఏర్పాటు చేసింది. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలవుతున్నది. ఇది పోయి రావలసిన దారి. ఇక్కడ భద్రత ఎవరిదన్నది అసలు ప్రశ్న. రోగి తప్పించుకోకుండా చూడటమా, రోగికి హాని కలగకుండా చూడటమా? జైలు నుంచి కోర్టుకు తీసుకెళ్ళే ఖైదీలకు అలవాటుగా బేడీలు వేయరాదని ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. 2017 చట్టపు 95వ సెక్షను మనోరోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. రెంటినీ కలిపి చదివినప్పుడు రెండవ అర్థమే బలపడుతుంది.

ముగింపు

తెలంగాణ వాడుకలో దొంగను ‘పట్టుకపోతరు’. పిల్లను బడికి, జబ్బుపడ్డవారిని దవాఖానకు ‘తోల్కపోతరు’. మొదటి క్రియలో బలవంతం ఉంది. రెండవదానిలో తోడు ఉంది. సుమారు 160 ఏళ్ళలో చట్టం మొదటి క్రియ నుంచి రెండవ క్రియ వైపు నడిచింది. ఆ మార్పు రోగి వెంట నడిచే కానిస్టేబులు చేతుల్లోకి, ఠాణా దస్తావేజుల భాషలోకి దిగినప్పుడే సార్థకమవుతుంది. మనోరోగుల చరిత్రను అధ్యయనం చేసేవారు ఆసుపత్రి రికార్డులతో పాటు ఈ దారిని, దాన్ని చెప్పిన మాటలను కూడా ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది.