కాలేజీ దరఖాస్తు వ్యాసం: మన పిల్లల ఇంగ్లీషు ఎక్కడ తడబడుతుంది, పెద్దలు ఎంతవరకు దిద్దాలి

ప్రతి ఏటా దసరా ముందూ వెనకా బరంపురంలోని మా సంఘం గదికి ప్లస్ టూ చదివే పిల్లలు ఇద్దరో ముగ్గురో కాగితాలు పట్టుకుని వస్తారు. "తాతగారూ, విదేశీ కాలేజీకి వ్యాసం రాశాను, ఒకసారి దిద్దిపెట్టండి" అంటారు. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఉత్తరాలు రాసిన చేయి కదా, మేమూ ఉత్సాహంగా ఎర్ర పెన్ను తీసేవాళ్ళం.

ఒక ఏడాది ఒక అమ్మాయి తన నాయనమ్మ గురించి రాసి తెచ్చింది. తప్పులు ఉన్నాయి కానీ చదువుతుంటే ముసలావిడ కళ్ళకు కట్టింది. మేము దాన్ని పూర్తిగా తిరగరాసి, ఆఫీసు భాషలో గంభీరంగా తయారుచేసి ఇచ్చాం. పెద్దవాళ్ళు రాశారు కదా అని ఆ పిల్ల మారు మాట్లాడకుండా అదే పంపింది. సీటు రాలేదు. మా దిద్దుబాటు వల్లే రాలేదని చెప్పలేం. తర్వాత ఎప్పుడో ఆ అమ్మాయి, "అది చదివితే నేను కాదు, మీరు దరఖాస్తు పెట్టుకున్నట్టు ఉంది తాతగారూ" అంది. ఆ మాట తర్వాత మేము కూర్చుని నేర్చుకున్న సంగతులే ఇవి.

ముందు కొలతలు

అమెరికాలో చాలా కాలేజీలు తీసుకునే కామన్ యాప్‌లో ప్రధాన వ్యాసం 250 నుంచి 650 పదాల లోపు ఉండాలి. ఇచ్చిన 7 అంశాల్లో ఒకటి ఎంచుకోవాలి. చివరిది మన ఇష్టం వచ్చిన విషయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి 8 ప్రశ్నల్లో 4 ఎంచుకుని ఒక్కోదానికి 350 పదాలు మించకుండా జవాబు రాయాలి. బ్రిటన్‌కు యూకాస్ ద్వారా వెళ్ళేవారికి 2026 ప్రవేశాల నుంచి పద్ధతి మారింది. ఒకే పెద్ద వ్యాసం బదులు 3 ప్రశ్నలు ఇస్తారు. మొత్తం 4,000 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఒక్కో జవాబు కనీసం 350 అక్షరాలు ఉండాలి.

ఈ రెండు దేశాలూ అడిగేది ఒకటి కాదు. బ్రిటన్ వాళ్ళు చదవబోయే సబ్జెక్టు మీద ఆసక్తి, దానికి చేసిన తయారీ చూస్తారు. అమెరికా వాళ్ళు మనిషిని చూడాలనుకుంటారు. ఒకదానికి రాసింది రెండోదానికి అతికించకూడదు.

తెలుగు వాక్యం ఇంగ్లీషు వేషం వేస్తే

మన పిల్లల తప్పుల్లో చాలా భాగం తెలివితక్కువవి కావు. తెలుగు వ్యాకరణం లోపల నుంచి తొంగిచూడడమే.

"అయిదేళ్ళుగా నేర్చుకుంటున్నాను" అని మనం వర్తమానంలోనే చెబుతాం. అందుకే "ఐ యామ్ లెర్నింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని వస్తుంది. "ఐ హేవ్ బీన్ లెర్నింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలి. మొదలైన తేదీ చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్.

"ఐ యామ్ హేవింగ్ టూ సిస్టర్స్" తప్పు. "ఐ హేవ్" చాలు. ఉండడం, తెలియడం, ఇష్టపడడం లాంటి స్థితులకు సాధారణంగా ఆ "ఇంగ్" తగిలించరు.

"ఇక్కడే పుట్టాను"లోని ఏకారం ఇంగ్లీషులో "హియర్ ఓన్లీ" అవుతుంది. "చిన్న చిన్న పనులు" అన్నది "స్మాల్ స్మాల్ వర్క్స్" అవుతుంది. "దాని గురించి చర్చించాం" అన్నది "డిస్కస్డ్ అబౌట్" అవుతుంది. ఓన్లీ తీసేయాలి, స్మాల్ ఒకసారే రాయాలి, వర్క్స్ బదులు టాస్క్స్ అనాలి, డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు.

ఎ, ఏన్, ది అన్నవి మన భాషలో లేవు కనుక అన్నిటికంటే కష్టం అవే. మొదటిసారి చెప్పే ఒక వస్తువుకు ఎ లేదా ఏన్. ఏదో ఇద్దరికీ తెలిసిపోయాక ది. ఈ ఒక్క సూత్రంతో చాలా తప్పులు పోతాయి.

స్పెల్లింగు అమెరికాదైనా బ్రిటన్‌దైనా ఫరవాలేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి.

ఆఫీసు ఇంగ్లీషు వద్దు

"ఐ బెగ్ టు స్టేట్", "డూ ద నీడ్‌ఫుల్" మా తరానికి అన్నం పెట్టిన మాటలే. వ్యాసంలో వాటికి చోటు లేదు. "పాస్డ్ ఔట్ ఫ్రమ్ స్కూల్" అంటే అమెరికా పాఠకుడికి పిల్లవాడు స్పృహ తప్పాడన్న అర్థం తోస్తుంది, "గ్రాడ్యుయేటెడ్" అనాలి. "కజిన్ బ్రదర్"లో బ్రదర్ అనవసరం. లక్షలు, కోట్లు అక్కడివారికి తెలియవు. మిలియన్లలోనో, పూర్తి అంకెలతోనో రాయాలి.

డిక్షనరీలో వెతికి పెట్టిన పెద్ద మాటలూ, మహానుభావుల సూక్తితో మొదలుపెట్టడమూ మానాలి. ఆ సూక్తి చెప్పినవారు సీటు అడగడం లేదు.

ఏం రాయాలి

"మా నాయనమ్మ నాకు స్ఫూర్తి" అని రాస్తే ఎవరి నాయనమ్మైనా కావచ్చు. ఆవిడ పాలవాడితో ఒడియాలో బేరమాడి, ఆ లెక్క తెలుగులో గోడ మీద రాసుకుంటుందని రాస్తే ఆవిడ మన ఇంటి మనిషి అవుతుంది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతంలో మన పెద్దలు ఉన్న ఊరు కదలకుండానే వేరే రాష్ట్రంలోకి వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు మనకు మామూలు విషయం. షోలాపూర్, హోసూరు, యానాం పిల్లలకూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. దాన్ని దాచిపెట్టొద్దు, గొప్పలూ చెప్పొద్దు. జరిగిన ఒక సంఘటనగా చూపితే చాలు.

మేనమామను "అంకుల్" చేయనక్కర్లేదు. మొదటిసారి అమ్మ తమ్ముడని ఒక ముక్కలో చెప్పి, తర్వాత మామ అనే రాయవచ్చు.

దిద్దే పెద్దలకు

తప్పు ఉన్నచోట గీత గీయండి, వాక్యం మీరు రాయకండి. అర్థం కాకపోతే "ఇక్కడ ఏం జరిగింది?" అని అడగండి. పిల్లలు నోటితో చెప్పే జవాబు చాలాసార్లు కాగితం మీది వాక్యం కంటే బాగుంటుంది, అదే రాయమనండి. కంప్యూటరు చేత రాయించి తమదిగా పంపడాన్ని కామన్ యాప్ మోసంగా లెక్కిస్తుంది. యూకాస్ వచ్చిన వ్యాసాలను ఇతరుల వాటితో పోల్చి చూస్తుంది. వేరొకరు రాసిపెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, అది సంఘం కార్యదర్శి అయినా సరే.

పంపేముందు ఒకసారి పైకి చదివించండి. నాలుక తడబడినచోట వాక్యం సరిగా లేదని అర్థం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఈ ఊళ్ళోనే డిగ్రీ చదువుతోంది. మొన్న తమ్ముణ్ణి, వాడి వ్యాసాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఎర్ర పెన్ను సొరుగులోనే ఉంచి, పెన్సిల్‌తో ఆరుచోట్ల గీతలు గీసి కాగితం తిరిగి ఇచ్చాం. అక్క ఆ గీతలు లెక్కపెట్టి, "ఇంతేనా తాతగారూ?" అంది. ఇంతే అన్నాం. మిగతాది వాడే రాసుకోవాలి.