బావినీరు – పరిసర విజ్ఞాన పట్టము



మా గ్రామమునందలి యొక పెద్దరైతు ఈ నడుమ నన్నిట్లడిగెను: “పంతులుగారూ, మా మనుమఁడు బి.యస్సీ. ముగించినాఁడు. పరిసర విజ్ఞానములో ఎం.యస్సీ. చదువుదునని పట్టుపట్టినాఁడు. ఆ చదువున కేమేమి వలయును?” నియమపత్రము చదివి వినిపించుట సులభమే. కాని యా నియమములట్లేల యేర్పడినవో తెలియవలెనన్న మన బావుల కథ మొదట చెప్పుకొనవలెను.

యౌవనమున నేను నల్లగొండ ప్రాంతమున నొక పాఠశాలలో తెలుఁగు పండితుఁడనై యుంటిని. అచ్చటి బాలుర దంతములపై గోధుమవన్నె చారలుండెడివి. శుచి లేదని వారిని మందలించి, వేపపుల్లతో తోముకొని రమ్మని యింటికి పంపెడివాఁడను. ఒకనాఁ డొక బాలుని తాత వచ్చెను. నడుము వంగియున్నది, మెడ తిరుగదు, నన్ను చూచుటకు మేనంతయు త్రిప్పవలసి వచ్చెను. “అయ్యా, వీని పండ్లు మురికివి కావు. మా బావినీళ్లట్టివి. నా నడుమును వంచినవి గూడ నవియే” యనెను. వ్యాకరణము చదివిన నాకు నీటిని గూర్చి యేమియు తెలియదు. ఆ బాలుని మందలించిన మాట నేఁటికిని నన్ను బాధించుచున్నది.

ఈ వ్యాధి నాఁటికి క్రొత్తది కాదు. 1937లోనే చెన్నరాజధానిలోని నెల్లూరు మండలమున షార్ట్ మొదలగు వైద్యులు దీనిని పరిశీలించి, త్రాగునీటిలో ఫ్లోరైడు అధికమగుటయే హేతువని ప్రకటించిరి. ఎముకలను చూచినవాఁడు వైద్యుఁడు. నీటిని కొలిచినవాఁడు రసాయనజ్ఞుఁడు. అది నీటిలోని కెట్లు చేరెనని యడిగినపుడు భూగర్భశాస్త్రజ్ఞుఁడు రావలసెను. మన గ్రానైటు శిలలలో ఫ్లోరైడుగల ఖనిజములున్నవి. వాని పగుళ్లలో నీరు చిరకాలము నిలిచి దానిని కరగించుకొనును. నీటిలో సున్నపు పాలు తక్కువయై సోడా పాలు హెచ్చినచో మఱింత కరగును. లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేఱు దారి లేనిచో 1.5 వఱకు నోర్వవచ్చుననియు భారత ప్రమాణము.

నాగపురములోని జాతీయ పరిసర ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశాబ్దమున పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి నీటిని తేర్చు పద్ధతి నేర్పఱచి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. వ్యాధివలన మన జిల్లాకు శాస్త్రగ్రంథములలో చోటు దొరకుట యేమి భాగ్యమో! పద్ధతి మంచిదే కాని, నీటినిబట్టి పటిక పాలు మార్చవలెను. అడుగున దిగిన మడ్డిని దినదినము తీయవలెను. ఆ శ్రద్ధ యెందఱు వహింతురు? 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణాజలములను గొట్టముల ద్వారా ఆ యూళ్లకు చేర్చినది.

ఇట్టి కష్టములను చూచియే ప్రభుత్వములును న్యాయస్థానములును మేల్కొన్నవి. 1984 డిసెంబరులో భోపాలున విషవాయువు వేలమందిని బలిగొనెను. 1986లో పరిసర సంరక్షణ చట్టము వచ్చెను. 1991 నవంబరులో ఎం. సి. మెహతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ విద్యను పాఠశాలలలోను విశ్వవిద్యాలయములలోను నిర్బంధము చేయవలెనని చెప్పెను. ఆ తీర్పు రేడియోను గూడ విడువలేదు. దినమునకు 5 మొదలు 7 నిమిషములు దీనికై కేటాయింపవలెనని సూచించెను. నేఁడు నేను మాటలాడుటయు నొకవిధముగా దానికి లోఁబడియే!

ఇఁక నియమములు. సామాన్యముగా బి.యస్సీ. పట్టముండవలెను. కొన్ని విశ్వవిద్యాలయములు రసాయనశాస్త్రము చదివియుండవలెననును. కొన్నింట వృక్ష, జంతు, భూగర్భ శాస్త్రములలో నేదైనను చాలును. తెలంగాణమున సీపీజెట్, ఆంధ్రమున ఏపీ పీజీసెట్ అను ప్రవేశపరీక్షలు గలవు. చదువు రెండేండ్లు, నాలుగు సెమిస్టర్లు. నాలుగేండ్ల డిగ్రీ ముగించినవారికి ఒక యేడే చాలునని 2024లో యూజీసీ దారి చూపినది. నీరు, గాలి, నేల, జీవజాతులు, చట్టములు, గణాంకములు అన్నియు చదివి, కడపట నొక పరిశోధనవ్యాసము వ్రాయవలెను. అధ్యాపకుఁడు కాఁగోరువాఁడు నెట్ పరీక్ష వ్రాయుటకు ఎం.యస్సీ.లో నూటికి 55 మార్కులు వలయును. రిజర్వేషను గలవారికి 50. మార్కులకన్న నేను పెద్దగా నెంచునది వేఱొకటి: ఎండలో బావివెంట బావి తిరుగు నోపిక. దానిని గూర్చి యే నియమపత్రమును అడుగదు.

ఇవి విని రైతు మనుమని నాయొద్దకు పంపెను. అతఁడు మా బావినీటిని పరీక్షకు కొంపోవుదుననఁగా నే నొక గాజుసీసా కడిగి యిచ్చితిని. “ఫ్లోరైడు కొలుచు నీటికి గాజు పనికిరాదు తాతగారూ, ప్లాస్టిక్ సీసా కావలెను” అని చెప్పి యతఁడు నా సీసాను బల్లపై నుంచెను.