ఫోటోలో ఆరో మనిషి

సూరత్‌లోని లింబాయత్‌లో ఒక ఇంటి గోడ మీద రెండు ఫోటోలున్నాయి. ఒకటి మనందరికీ తెలిసిందే, 1934లో రాజగృహలో తీసినది. అందులో బాబాసాహెబ్, రమాబాయి, కొడుకు యశ్వంత్, వదిన లక్ష్మీబాయి, ముకుంద్, వాళ్లతోపాటు కుక్క టోబీ ఉంటారు. ఆ మరుసటి ఏడు మే 27న రమాబాయి కన్నుమూశారు. రెండో ఫోటో పాత కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెది. వేపచెట్టు కింద ఆరుగురు నిలబడి ఉన్నారు. వీళ్లెవరు పెద్దమ్మా అని అడిగితే ఆ ఇంటావిడ నలుగురి పేర్లు చెప్పింది. మిగిలిన ఇద్దరి సంగతి "మా అత్తకెరుక బిడ్డా" అంది. ఆ అత్త పోయి పదేళ్లు దాటింది.

బాబాసాహెబ్ ఇంటి కుక్క పేరు మనకు తెలుసు. మన తాత పక్కన నిలబడ్డ మనిషి పేరు తెలియదు. తప్పు టోబీది కాదు లెండి. ఆ ఫోటో కింద ఎవరో పేర్లు రాసిపెట్టారు, మన ఫోటో వెనక ఎవరూ రాయలేదు.

కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నేతగాళ్లు షోలాపూర్, భీవండి, సూరత్ మరమగ్గాల దారి పట్టడం పాత కథ. వాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. మగ్గం నేసిన దళితులూ ఉన్నారు. నేతకాని అన్న పేరులోనే ఆ పని ఉంది. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అయినా ఊరి మాట మూడో తరానికి అందుతుందన్న నమ్మకం లేదు.

ఈ కుటుంబం ఊరు వదిలినప్పుడు ఒక ట్రంకు పెట్టెతో వచ్చింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో నగరం ఖాళీ అవుతుంటే ఆ పెట్టె మళ్లీ రైలెక్కి ఊరు చూసివచ్చింది. 2006 ఆగస్టులో ఉకాయి నీళ్లతో తాపీ పొంగినప్పుడు వాళ్లు నదికి దగ్గరలో ఉండేవారు. పెట్టెలోని ఫోటోలన్నీ తడిసి ఒకే ముద్దయ్యాయి. ఒక్కొక్కటిగా లాగి విడదీయబోతే ముఖాలు ఊడివచ్చాయట. శుభ్రమైన చల్లనీటిలో నానబెట్టి, అవి వాటంతట విడివడ్డాక బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలని అప్పుడు వాళ్లకు చెప్పేవారెవరు? ఎత్తున గోడకు తగిలించి ఉండటం వల్లే ఆ రెండూ మిగిలాయి.

బొమ్మ చూపించి కథ చెప్పడం మనకు కొత్త కాదు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు పటం విప్పి కులం పుట్టుక చెప్పేవారు. పటం ఒక్కటే ఉంటే అది రంగుల గుడ్డ. చెప్పేవాడు పక్కన నిలబడితేనే అది చరిత్ర. కుటుంబ ఫోటో సంగతీ అంతే. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల నోటి మాటనే రాసుకున్నారు. ఆ పని అప్పుడు జరగకపోతే ఆ గొంతులు మనదాకా వచ్చేవి కావు. 2010లో మొదలైన ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ దేశంలోని ఇళ్ల ఫోటోలను వాటి కథలతో సహా సేకరిస్తోంది. మన వాడల్లో ఫోటోలే తక్కువ. స్టూడియోకు వెళ్లాలంటే కూలి పోవాలి, మంచి బట్టలు కావాలి. చాలామందికి మిగిలింది కార్డు మీది ముఖమే. అందుకే ఉన్న ఒక్క ఫోటో చుట్టూ పదిమంది మాట రికార్డు చేయాలంటాను. ఫోన్ అందరి చేతిలోనూ ఉంది.

పెద్దమ్మ మనవడు ఆ ఫోటోను ఊరికి వాట్సాప్‌లో పంపాడు. మూడు రోజులకు అక్కడి ముసలాయన ఒకరి గొంతు వచ్చింది. ఎడమ చివరి మనిషిని ఆయన గుర్తుపట్టాడు. వాడలో రాత్రిబడి పెట్టి అక్షరాలు నేర్పింది ఆయనేనట. పెద్దమ్మ ఆ మాట మళ్లీ మళ్లీ వేయించుకుని విన్నది. ఫోటోను చట్రంలోంచి తీసి, వెనక పెన్సిల్‌తో అయిదు పేర్లు రాశాం. ఆరో అంకె వేసి, దాని ఎదుట ఖాళీ వదిలాం.