అల్ బలద్‌లో ఫొటో దిగేముందు

నిశ్చితార్థం ఫొటోలకి జెద్దా పాతబస్తీ అల్ బలద్ పోదామనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క మాట. మీ వెనక కనపడే చెక్క కిటికీని రోషన్ అంటారు. ఆ టేకు మన దేశం నుంచి కూడా ఓడల్లో వచ్చింది. గోడలు ఎర్రసముద్రపు పగడపు రాయి. అది మెత్తన, అందుకే వరసల మధ్య అడ్డంగా దుంగలు పెట్టి బరువు సర్దారు. వ్యాపారి నసీఫ్ గారి మేడ 1881లో అట్లనే లేచింది.

1947లో ఊరి ప్రహరీ కూల్చారు. తర్వాత కలిగినోళ్లు కొత్త పేటలకు పోయారు. ఖాళీ గదుల్లో మనలాంటి పరదేశీ కూలీలు అద్దెకున్నారు. 2014లో యునెస్కో ఆ పేటను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

కాబట్టి మీ ఫొటోలో పడేది షావుకార్ల మేడ ఒక్కటే కాదు, మనోళ్లు తలదాచుకున్న గది కూడా. గోడకు కాలు ఆనించి మాత్రం పోజు పెట్టకండి. పగడపు రాయి రాలిపోతది.