పాత మిలిటరీ లారీ: గీకేసిన రంగు కోసం వెతుకులాట

1920లో సైన్యం వదిలించుకున్న లారీని కొన్న వ్యాపారి ఇంటికి తెచ్చుకోగానే దానికి రంగు వేయించేవాడు. పచ్చరంగు పోయి ఎరుపో నీలమో వచ్చేది, తలుపు మీద దుకాణం పేరు పడేది. వందేళ్ల తర్వాత అలాంటి బండినే కొన్న మనిషి ముందుగా ఆ రంగు గీకుతున్నాడు. అడుగున సైన్యం వేసిన అంకె ఒక్కటైనా మిగిలిందేమోనని ఎమరీ కాగితం పట్టుకుని రోజుల తరబడి కూర్చుంటున్నాడు. అదే ఇనుము, అవే చక్రాలు. కొనేవాడి కోరిక మాత్రం పూర్తిగా తిరగబడింది.

మోటారు లారీని సైన్యం తొలిసారి పెద్ద ఎత్తున వాడింది మొదటి ప్రపంచ యుద్ధంలోనే. 1918 నవంబరులో తుపాకులు ఆగేసరికి వేలాది లారీలు పని లేకుండా నిలబడిపోయాయి. లండన్‌కు పడమట స్లౌ అనే ఊరి దగ్గర బ్రిటిష్ యుద్ధ శాఖ అదే ఏడు సుమారు 600 ఎకరాల్లో మరమ్మతు డిపో మొదలుపెట్టింది. షెడ్లు లేచేలోపే యుద్ధం అయిపోయింది. చుట్టుపక్కల జనం ఆ చోటును ‘కుప్ప’ అని వెక్కిరించేవారు. 1920లో ప్రభుత్వం ఆ నేలను, షెడ్లను, బళ్లను కలిపి 70 లక్షల పౌండ్లకు పైగా ధరకు ఒక వ్యాపార బృందానికి అమ్మేసింది. వాళ్లు లారీలు బాగుచేసి అమ్ముకున్నారు, ఖాళీ అయిన షెడ్లను ఫ్యాక్టరీలకు అద్దెకిచ్చారు. నేటి స్లౌ పారిశ్రామికవాడ అలా పుట్టింది.

లేలాండ్ అనే లారీల కంపెనీది మరో కథ. యుద్ధంలో అది బ్రిటిష్ సేనలకు దాదాపు 6,000 లారీలు చేసిచ్చింది. అవన్నీ ఎవరెవరి చేతుల్లోనో పడి, అతుకులు వేయించుకుని రోడ్డు మీద ఆగిపోతుంటే చెడ్డపేరు తమకే వస్తుందని యజమానులు బెంగపడ్డారు. 3,000 దాకా లారీలను తామే తిరిగి కొన్నారు. లండన్ పక్కనున్న కింగ్‌స్టన్ దగ్గర, యుద్ధకాలంలో విమానాలు తయారైన షెడ్లలో, వాటిని నట్టునట్టూ విప్పి మళ్లీ బిగించి అమ్మారు. ఆ ఖర్చుకు కంపెనీ కొన్నేళ్లు కుంగిపోయింది. మిలిటరీ లారీని పద్ధతిగా విప్పి కొత్తగా చేసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. అయితే అక్కడ చేసినదంతా బరువు మోయించడానికే, పాత రూపం ఎవరికీ పట్టలేదు.

అమెరికాలో మిగులు లారీలు రోడ్ల పనికి దిగాయి. 1919 జులై 7న వాషింగ్టన్‌లో బయల్దేరిన సైనిక బళ్ల వరుస శాన్‌ఫ్రాన్సిస్కో చేరడానికి 62 రోజులు పట్టింది. అందులో పరిశీలకుడిగా వెళ్లిన యువ అధికారి డ్వైట్ ఐసెన్‌హోవర్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. ఆ ప్రయాణంలో బురదలో కూరుకుపోయిన లారీల్లాంటివాటినే వేల సంఖ్యలో రాష్ట్రాల రోడ్ల శాఖలకు పంచారు. బురదను రోడ్డుగా మార్చే పనిలో కంకర మోసింది అవే.

రెండో యుద్ధం నాటికి లెక్కలే మారిపోయాయి. జీఎంసీ సీసీకేడబ్ల్యూ అనే రెండున్నర టన్నుల లారీ ఒక్కటే 5 లక్షలకు పైగా తయారైంది. ఆ పేరులోని ప్రతి అక్షరానికీ అర్థముంది: 1941 నమూనా, మామూలు క్యాబిన్, ముందు చక్రాలకూ ఇంజిన్ బలం, వెనక రెండు ఇరుసులకూ ఇంజిన్ బలం. ఫ్రాన్స్‌లో నార్మండీ దాటి దూసుకుపోతున్న మిత్రసేనలకు పెట్రోలు, గుళ్లు అందించడానికి 1944 ఆగస్టు 25న ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ మొదలైంది. ఉద్ధృతంగా నడిచిన రోజుల్లో దాదాపు 6,000 బళ్లు రోజుకు 12,500 టన్నుల సరుకు మోశాయి. డ్రైవర్లలో నాలుగింట మూడు వంతుల మంది నల్లజాతి సైనికులు. నవంబరు 16న ఆ దారి మూసేశారు.

దారి మూసినా లారీలు అక్కడే ఉండిపోయాయి. చాలా వాటిని ఫ్రెంచి సైన్యం తన డిపోల్లో బాగుచేయించి దశాబ్దాల పాటు వాడుకుంది. మరికొన్ని అడవుల్లో దుంగలు లాగాయి, అగ్నిమాపక బళ్లయ్యాయి, వాటికే క్రేన్ బిగించి చెడిపోయిన కార్లను ఈడ్చారు. ఫిలిప్పీన్స్‌లో వదిలేసిన జీపులను వెనక్కి సాగదీసి బల్లలు వేస్తే జీప్నీ అయింది. కెనడాలో ఫోర్డ్, షెవ్రొలే కంపెనీలు కలిపి 4 లక్షలకు పైగా చేసిన పొట్టిమూతి లారీలు భారత్, బర్మా రంగాల్లోనూ తిరిగాయి. భారత్‌లో వాటి ఛాసిస్ మీదే ఇనుప రేకులు బిగించి కవచ వాహనాలు చేశారు. యుద్ధానికి ముందు తెలుగు కూలీలతో కిటకిటలాడిన రంగూన్‌లో ఆ షెవ్రొలేలు చెక్క బాడీలు కట్టించుకుని సిటీ బస్సులయ్యాయి. ఈ శతాబ్దంలో కూడా కొన్ని తిరిగాయి.

ఇదే కాలంలో ఒక కట్టుకథ కూడా పుట్టింది. నూనె కాగితం చుట్టి పెట్టెలో పెట్టిన కొత్త జీపు 50 డాలర్లకే వస్తుందని అమెరికన్ పత్రికల్లో ప్రకటనలు పడేవి. డబ్బు పంపినవాడికి అందేది మిగులు సామాను ఎలా కొనాలో చెప్పే చిన్న పుస్తకం. జీపు ఎవరికీ అందలేదు గానీ, ఆశ మాత్రం ఒక తరమంతా నిలిచింది.

కోరిక తిరగబడింది 1970ల్లో. యుద్ధంలో ఆ బళ్లు నడిపిన కుర్రాళ్లు అప్పటికి యాభైల్లో పడ్డారు. లారీలు తుక్కు దుకాణాలకు చేరి తరిగిపోతున్నాయి. 1976లో అమెరికాలో మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ ఏర్పడింది. పాత బళ్లను కాపాడే ఈ అభిరుచి నిలదొక్కుకోవడానికి సైన్యం రాతకోతలే ఆధారమయ్యాయి. ప్రతి బండికీ ఒక మరమ్మతు పుస్తకం, ప్రతి బోల్టుకూ ఒక నంబరు. జీఎంసీకి టీఎం 9-801 అనే పుస్తకం, విడిభాగాలకు జీ-508 అనే జాబితా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల కుర్రాడు చదివి బాగుచేయగలిగేలా రాసిన పుస్తకాలవి. సెలవురోజు మెకానిక్కులకు అంతకన్నా మంచి గురువు దొరకడు. 2009లో ఆ సంఘ సభ్యులు తమ పాత బళ్లతోనే 1919 నాటి ప్రయాణాన్ని మళ్లీ చేశారు.

తర్వాతి తరం వేలంపాటల్లో అమెరికన్ సైన్యపు ఎం35ను వెతుక్కుంది. 1950లో రియో కంపెనీ మొదలుపెట్టిన ఈ లారీ 1980ల చివరి దాకా తయారైంది. ఎం35ఏ2 రకంలో డీజిల్, కిరోసిన్, విమాన ఇంధనం ఏది పోసినా నడిచే 7.8 లీటర్ల ఇంజిన్ ఉంటుంది. దాని దహన పద్ధతి జర్మన్ కంపెనీ మాన్‌ది. ఖాళీ లారీయే ఆరు టన్నుల దాకా తూగుతుంది. ఇంటి ముందు పెట్టుకుందామంటే వీధి చాలదు. కరెంటు వ్యవస్థ 24 వోల్టులది కాబట్టి మామూలు కారు బల్బు పెడితే మాడిపోతుంది. బ్రేకుల నూనెకు ఒకే దారి, ఒక గొట్టం పగిలిందంటే అన్ని చక్రాల బ్రేకులూ పోతాయి. చక్రానికి ఉన్న లాకు రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే అది గుండులా ఎగిరి ప్రాణం తీస్తుంది. అందుకే అనుభవజ్ఞులు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టే గాలి కొడతారు. కొత్తగా కొన్నవాడు ఇంజిన్ మోత విని మురిసిపోతుంటే, వాళ్లు వంగి బ్రేకు గొట్టాలు చూస్తారు.

భారత్‌లో ఈ కథ జబల్‌పూర్ చుట్టూ తిరుగుతుంది. 1950ల చివర మాన్ కంపెనీ లైసెన్సుతో అక్కడి గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో శక్తిమాన్ లారీ తయారీ మొదలైంది. 1969లో ప్రత్యేకంగా వాహన కర్మాగారం పెట్టారు. నిస్సాన్ ‘ప్యాట్రోల్’ బండి నమూనాతో వచ్చిన జోంగా జీపుదీ ఆ ఊరే. జబల్‌పూర్ ఆయుధ కర్మాగారాల ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలతో ఆ పేరు అల్లారు. 1990ల్లో శక్తిమాన్ స్థానంలోకి స్టాలియన్ వచ్చింది. దాన్ని రూపొందించింది అశోక్ లేలాండ్, అంటే తన లారీలను తానే తిరిగి కొన్న ఆ పాత లేలాండ్ వంశమే.

సైన్యం వద్దనుకున్న బళ్లు వేలానికి వస్తాయి. షరతు ఒకటే: ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే. ఇంజిన్ తిరగకపోతే అది కొన్నవాడి తలరాత. పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే మిలిటరీ నంబరు చెరిపేసి, కాగితాలు పట్టుకుని ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. హర్యానాలోని డబ్వాలీ షెడ్లలో అలాంటి బళ్ల భాగాలతో జీపులు కట్టడం పెద్ద వ్యాపారమే. అక్కడ ఇంజిన్ ఒకదానిది, గేరుబాక్సు మరోదానిది, బాడీ కొత్తరేకు. జోంగాలో ఉన్న దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజిన్ దాహం తీర్చలేక డీజిల్ ఇంజిన్ బిగించుకున్నవాళ్లకు లెక్కలేదు. 2019లో క్రికెటర్ ధోనీ రాంచీ వీధుల్లో జోంగా నడిపాక దాని ఊసు కుర్రకారుకూ తెలిసింది.

2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు గాలిని మరోవైపు తిప్పాయి. 50 ఏళ్లు దాటి, వ్యాపారానికి వాడని బండికి ‘వీఏ’ అక్షరాలతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. నిన్నటిదాకా తెలివైన పనిగా చెల్లిన డీజిల్ మార్పిడి ఇప్పుడు అడ్డంకి అయింది. సికింద్రాబాద్ తిరుమలగిరిలోని సైన్యపు ఈఎంఈ కళాశాల లాంటి చోట్ల శిక్షణ పొంది, ఆ పాత ఇంజిన్లను చేత్తో విప్పి బిగించిన విశ్రాంత సైనికులకు మళ్లీ గిరాకీ రావాల్సిన రోజులివి.

అసలు రూపం అంటే ఏ రోజు రూపమన్నది వేరే చిక్కు. ఫ్రాన్స్‌లో దొరికే జీఎంసీ బోనెట్ మీద నీళ్లు చల్లి నెమ్మదిగా రుద్దితే కలప వ్యాపారి పసుపు పోతుంది, దాని కింద అగ్నిమాపక ఎరుపు కనిపిస్తుంది. ఇంకా రుద్దితే ఫ్రెంచి సైన్యం పచ్చ, దాని కింద అమెరికన్ ఆలివ్. కొందరు అక్కడితో ఆగి, నాలుగు రంగుల మచ్చలనూ అలాగే ఉంచి పైన వార్నిష్ కొడతారు. మరికొందరు ఇంకాస్త నీళ్లు చల్లి, రెండున్నర టన్నుల లారీలకు సైన్యం ఇచ్చిన 4తో మొదలయ్యే తెల్ల అంకెల వరుస తేలేదాకా చెయ్యి ఆపరు.