నల్లరేగడి నేల

నల్లరేగడి నేల దక్కను పీఠభూమిలో విస్తారంగా కనిపించే, బంకమన్ను పాలు అధికంగా గల నల్లని నేల. పత్తి పంటకు అనువైనది. తెలంగాణలో ఆదిలాబాదు, ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, గుంటూరు ప్రాంతాలలో ఈ నేలలున్నాయి.

పుట్టుక

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం వెలువడిన లావా గడ్డకట్టి బసాల్టు శిలగా మారింది. దక్కనులోని నల్లరేగడిలో చాలా భాగం ఆ శిల ఎండవానలకు శిథిలమవగా ఏర్పడినదే.

పదార్థాలు

ఇందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ప్రధానమైనది. సున్నం, మెగ్నీషియం సమృద్ధిగా ఉంటాయి. నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం తక్కువ. కావున నలుపు రంగును బట్టి సారాన్ని అంచనా వేయరాదు.

పొరలు

సాధారణంగా నేలలో పైమన్ను, అడుగుమన్ను, శిథిలశిల వరుసగా ఉంటాయి. నల్లరేగడి తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు బీటలు వారుతుంది. పైమట్టి బీటలలోకి జారుతుంది. మళ్ళీ వానలు పడినపుడు అడుగుమట్టి ఉబ్బి పైకి నెట్టుకొస్తుంది. ఇలా నేల తనను తానే దున్నుకొనుట వలన పై పొరల మధ్య హద్దులు స్పష్టపడవు. ఈ కదలిక వలననే, తగిన పునాది లేని ఇళ్ళ గోడలు పగుళ్ళిస్తాయి.